గుట్టంత మేక

కాజీపేటలో రైలెక్కి పెద్దపల్లి వైపు పోయేటప్పుడు కిటికీ పక్కన సీటు దొరికితే బయటకు చూడండి. పట్టాల పక్కన కరెంటు స్తంభం ఇట్టే వెనక్కి పోతుంది. పత్తి చేను కాస్త నిదానం. దూరంగా ఉన్న గుట్ట మాత్రం చాలాసేపు మనతోనే వస్తుంది. 10 మీటర్ల దూరంలోని స్తంభంతో పోలిస్తే 5 కిలోమీటర్ల అవతలి గుట్ట కంటికి 500 రెట్లు మెల్లగా జరుగుతుంది. రైలు ఎంత స్పీడుగా పోయినా ఈ లెక్క మారదు. దగ్గరివి వేగంగా, దూరపువి మెల్లగా జరిగినట్టు కనిపించే ఈ తేడా పేరు పారలాక్స్.

మా అక్క కొడుకు సెలవుల్లో ఒక చిన్న గేమ్ చేశాడు. ముందు వరంగల్ కోట తోరణం, వెనక ఏకశిల గుట్ట, పైన చందమామ. బొమ్మలు బాగానే గీశాడు. కానీ హీరో ఉరికితే అన్నీ ఒకే వేగంతో జరుగుతున్నాయి, గోడ మీది క్యాలెండర్‌ను ఎవరో పక్కకు లాగుతున్నట్టు. "మామా, గుట్టను ఇంకా చిన్నగ గీయాల్నా?" అన్నాడు.

"వద్దురా, పొరలు విడదీయి" అన్నాను. హీరో 100 పిక్సెళ్లు నడిస్తే నేల, తోరణం 100 జరగాలి. వెనక చెట్లు 50, గుట్ట 10, చందమామ 0. నాలుగంకెలు మార్చాడో లేదో, గుట్ట పోయి ఊరవతల కూర్చుంది.

వీడియో గేముల్లో ఈ కిటుకుకు పేరు తెచ్చిన తొలి ఆటల్లో 1982 నాటి మూన్ పెట్రోల్ ఒకటి. డిస్నీ వాళ్లయితే 1937లోనే గాజు పలకల మీద బొమ్మలు వేసి, ఒకదాని కింద ఒకటి పేర్చి, వేర్వేరు వేగాలతో జరుపుతూ పైనుంచి కెమెరాతో తీశారు.

రంగుదీ ఇదే కథ. మనకూ గుట్టకూ మధ్య ఉన్న గాలి వెలుతురును చెదరగొడుతుంది, అందులోనూ నీలాన్ని ఎక్కువగా. అందుకే దూరపు గుట్ట పాలు కలిపిన నీలంగా కనిపిస్తుంది. వీడేమో దానికి ముదురు ఆకుపచ్చ పూశాడు!

ఎంత పెద్దదో చెప్పడం వేరే సంగతి. కథలు చెప్పడానికి గుడ్డ మీద గీసే చేర్యాల పటాల్లో దూరాల గొడవే లేదు. కథలో ముఖ్యుడెవరో వాడే పెద్దగా ఉంటాడు. నాకైతే అదీ నచ్చుతుంది. కానీ ఈ గేమ్‌లో తోరణం ఎత్తు తెలియాలంటే పక్కన మనకు తెలిసిన కొలత ఒకటి కావాలి. ఒక మేకను నిలబెట్టమన్నాను.

నిలబెట్టాడు, కాకపోతే పొరపాటున గుట్ట పొరలో. బొమ్మ సైజు అదే. హీరో కదలగానే మేక గుట్టతో పాటే మెల్లగా జరిగింది, కంటికి గుట్టంత మేక అయిపోయింది.