హాస్టల్లో ఒకరికి వాంతులైతే

హాస్టళ్లలో చదువుకుంటున్న మన పిల్లలకు,

ఒకే రాత్రి పదిమందికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అందరం ముందుగా వంటమనిషి మీద పడతాం. తప్పు తిండిదే కావచ్చు. కానీ ఇలా వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌ అనే వైరస్‌కు తిండి ఒక్కటే దారి కాదు.

1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నార్వాక్ పట్టణంలో, ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలు, టీచర్లు వరసగా ఈ జబ్బున పడ్డారు. ఆ వైరస్‌ను 1972లో గుర్తించారు. నోరోవైరస్ అన్న పేరు ఆ ఊరి నుంచి వచ్చిందే. 2021లో కేరళలోని వయనాడ్‌లో వెటర్నరీ కాలేజీ విద్యార్థులకు సోకిందీ ఇదే.

వందలోపు వైరస్ కణాలు కడుపులోకి వెళ్లినా చాలు, జబ్బు చేస్తుంది. గదిలో ఒకరు వాంతి చేసుకుంటే కంటికి కనిపించని తుంపర్లు గాల్లోకి లేచి మంచం కోళ్ల మీద, బకెట్ పిడి మీద, తలుపు గడియ మీద పడతాయి. వాటిలోని వైరస్ అక్కడ రోజుల తరబడి బతికే ఉంటుంది. పక్క మంచం పిల్లాడు ఆ గడియ తీసి, అదే చేత్తో బిస్కెట్ తింటాడు. పన్నెండు గంటల నుంచి రెండు రోజుల్లోపు అతనూ పడకేస్తాడు.

పెద్ద ఓడల్లో అందరూ పట్టుకునే మెట్ల కమ్మీలు, వడ్డన గరిటెలు ఆ గడియ పనే చేస్తాయి. వృద్ధాశ్రమాల్లో ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచానికి వెళ్లే ఆయాల చేతులు చాలు. అక్కడ ఒంట్లో నీరు తగ్గి ప్రాణం మీదకే వస్తుంది. పెళ్లిళ్లలో నాకు ఉడికిన కూరల కంటే పచ్చి కీరా ముక్కల మీదే భయమెక్కువ. కోసినవాళ్లకు జబ్బు తగ్గి రెండు రోజులే అయి ఉండొచ్చు. తగ్గాక కూడా వారాల పాటు మలంలో వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది.

ఇంకో మాట, జేబులో శానిటైజర్ ఉందిగా అనుకోకండి. కరోనా వైరస్‌కు ఉన్న కొవ్వు పొర దీనికి లేదు కాబట్టి ఆల్కహాల్‌కు అంతగా లొంగదు. సబ్బుతో, పారే నీళ్ల కింద, ఇరవై సెకన్లు రుద్దాలి. వాంతి పడ్డ చోటు బ్లీచింగ్ నీళ్లతో కడగాలి.

వాంతి అయితే సిగ్గుపడి దాచకండి, వెంటనే వార్డెన్‌కు చెప్పండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి, కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి.

మీ తాతయ్య