గేర్‌బాక్స్ దించకుండా క్లచ్ మార్చే బండి

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

"ఒక్క క్లచ్ ప్లేటు అరిగితే గేర్‌బాక్స్ మొత్తం ఎందుకు దించుతారు తాతయ్యా?" అని అడిగారు కదా. ముందు గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క, ఒక పెన్సిలు తెచ్చుకోండి.

అట్టకు నడుమ చిల్లు పొడిచి పెన్సిలు బిగుతుగా దూర్చండి. అట్టను రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకోండి. పెన్సిలు కుడిచేతి వేళ్ల సందులోంచి బయటికి రావాలి. ఎడమచెయ్యి ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్. కుడిచెయ్యి ప్రెషర్ ప్లేటు. అట్ట క్లచ్ ప్లేటు, పెన్సిలు గేర్‌బాక్స్‌కి పోయే షాఫ్టు. చేతులు బిగించి తిప్పితే అట్టా పెన్సిలూ వెంట తిరుగుతాయి. కుడిచెయ్యి కాస్త సడలిస్తే అట్ట ఆగిపోతుంది. క్లచ్ పెడల్ తొక్కితే జరిగేది అదే.

ఇప్పుడు పెన్సిలు రెండో కొసను తమ్ముడు పిడికిట్లో పట్టుకున్నాడనుకోండి. వాడు పెన్సిలుతో సహా వెనక్కి జరిగితే తప్ప అట్ట బయటికి రాదు. ఆ తమ్ముడే గేర్‌బాక్స్. చాలా కార్లలో వాణ్ణి కిందికి దించక తప్పదు.

మరి తమ్ముణ్ణి కదపకుండా, వాడి పిడికిట్లోంచి పెన్సిలు ఒక్కటే అవతలికి లాగేస్తే? స్వీడన్‌లో 1978 నుంచి తయారైన మొదటి తరం సాబ్ 900 కారులో సరిగ్గా ఆ వీలుంది. అందులో ఇంజిన్‌ను వెనక్కి తిప్పి పెట్టారు. క్లచ్ ముందువైపు, రేడియేటర్ దగ్గర ఉంటుంది. గేర్‌బాక్స్ ఇంజిన్ కింద ఉంటుంది, గొలుసుల ద్వారా దానికి శక్తి అందుతుంది. అందుకే షాఫ్టును ముందుకు లాగి, క్లచ్‌ను పైకి ఎత్తేయొచ్చు. ఎంత ముందుచూపు!

పని పెద్దవాళ్లదే గానీ పెడల్ తొక్కడం మీలో ఒకరి వంతు. బ్యాటరీ తీగ విప్పి, క్లచ్ మీది మూత తీశాక పెడల్ పూర్తిగా తొక్కి పట్టాలి. అప్పుడు ప్రెషర్ ప్లేటు స్ప్రింగు రేకులకూ దాని కవరుకూ మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ సందులో ఒక ఇనుప రింగు పెట్టి పెడల్ వదిలేస్తారు. ఇక స్ప్రింగు తిరిగి బిగుసుకోలేదు, అంటే కుడిచెయ్యి సడలినట్టే ఉండిపోతుంది. పెడల్ తొక్కినప్పుడు గొట్టంలోంచి వచ్చే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను నొక్కేది స్లేవ్ సిలిండర్. అది పాడైతే ఈ సందు తెరుచుకోదు, అక్కడే పని మొండికేస్తుంది. అందుకే సిలిండర్ కారడం మొదలవగానే పని పెట్టుకోవాలి, పూర్తిగా చచ్చేదాకా ఆగకూడదు.

తర్వాత షాఫ్టు ముందు కొసన ఉండే చిన్న మూత, దాని వెనక ప్లాస్టిక్ ప్రొపెల్లర్ ముక్క తీయాలి. షాఫ్టు కొసలో మరచుట్లుంటాయి, వాటికి పుల్లర్ అనే లాగుడు పనిముట్టు బిగించి లాగితే అది ముందుకు వస్తుంది. స్లేవ్ సిలిండర్‌కు మూడు బోల్టులు, ప్రెషర్ ప్లేటుకు ఆరు. ఆరింటినీ అందుకోవడానికి ఫ్లైవీల్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి. ఒకదాన్ని ఒక్కసారే విప్పేయకుండా, ఎదురెదురువి కొద్దికొద్దిగా సడలించాలి. చివరికి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, సిలిండర్ మూడూ కలిపి పైకి తీస్తారు. సిలిండర్ విడిగా ఉన్నప్పుడు మాత్రం పెడల్ ముట్టుకోవద్దు, పిస్టన్ బయటికి తోసుకొచ్చేస్తుంది.

పాత క్లచ్ దుమ్మును నోటితో ఊదకండి, గాలి గొట్టంతోనూ కొట్టకండి. ప్లేటు మీది పాత లైనింగుల్లో, అంటే రాపిడి పొరల్లో, ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ప్లేటు నూనెతో తడిసి ఉంటే, ఆ నూనె ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టాలి. క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్టు) దగ్గర నూనెను ఆపే సీలా, సిలిండరా? అది తేలకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ జారుతుంది. ఇంత విప్పాక సిలిండర్ కూడా కొత్తది వేయడమే మేలు. ఆ ఖర్చు దగ్గర వెనకాడకూడదు.

బిగించేటప్పుడు కొత్త ప్లేటు ఏ ముఖం ఎటో చూసుకుని, షాఫ్టు గాడులకు పల్చగా గ్రీజు రాస్తారు. ఎక్కువైతే అది చిమ్మి లైనింగు మీద పడుతుంది. ఆరు బోల్టులూ వేలితో తిప్పి వదిలేసి, ముందు షాఫ్టు దూర్చాలి. క్రాంక్ మధ్యలోని బేరింగులోకి దాని కొస చేరితే ప్లేటు తనంతట తానే నడిమికి వస్తుంది, అప్పుడు బోల్టులు బిగించొచ్చు. చివర్లో సిలిండర్ గొట్టంలో చేరిన గాలి తీసి, పెడల్ తొక్కి రింగు తీసేస్తారు. బ్రేక్ ఆయిల్ బండి రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, పక్కన నీళ్లగుడ్డ ఉంచుకోండి.

షాఫ్టు ఒక్కోసారి ప్లేటు దగ్గర ఆగిపోతుంది. సుత్తితో కొట్టకూడదు. షాఫ్టును మెల్లగా నెట్టి పట్టుకుని, ఫ్లైవీల్‌ను ఒక్క పన్ను మేర తిప్పండి. గాడిలో గాడి కుదరగానే చిన్న 'టక్' మని జారిపోతుంది. మీ అట్టకు నలుచదరం చిల్లు చేసి, అంతే లావు చదరపు పుల్లను చీకట్లో దూర్చి చూడండి, ఆ చప్పుడు మీకూ వినిపిస్తుంది.

మీ తాతయ్య