ముక్కనుమ నాడు సముద్రంలోకి మాత్రం కాదు

తిరువాన్మియూరు, చెన్నై

చి. చింటూకి, చి. అమ్ములుకి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

పండక్కి పినాకినిలో వస్తున్నామనీ, దిగగానే సముద్రస్నానమనీ అమ్ములు ఫోన్లో ఒకటే గోల. సరే గానీ, మన ముక్కనుమ ఇక్కడివాళ్ళకి కాణుం పొంగల్. ఆరోజు ఊరు ఊరంతా మెరీనాలోనే ఉంటుంది. పోలీసులు నీళ్ళకి అడ్డంగా కర్రలతో దడి కట్టేస్తారు. మనం ఇసుకలో కూర్చుని సుండల్, అదే శనగల గుగ్గిళ్ళు, తినడం వరకే.

చింటూ, నీకు ఈత వచ్చని నాకు తెలుసు. కానీ నువ్వు నేర్చుకున్నది స్విమ్మింగ్ పూల్లో. అక్కడి నీళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. సముద్రంలో అలా కాదు. కెరటాలు ఒడ్డుకి తెచ్చి పోసిన నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య లోతుగా సందు దొరికిందంటే అందులోంచి కాలవలా లోపలికి పారతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం నల్లగా, బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది. అలలు లేవు కదా అని కొత్తవాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు.

నేనూ అలాగే దిగాను, పాతికేళ్ళ వయసులో, ఇక్కడే చెన్నైలో ఎలియట్స్ బీచ్‌లో. ఒడ్డున విప్పి పెట్టిన నీలం చొక్కా చూస్తుండగానే అగ్గిపెట్టంత అయిపోయింది. దాని వైపే ప్రాణం పెట్టి ఈదాను. ఈదినకొద్దీ చొక్కా ఇంకా చిన్నదైంది. చేతులు బరువెక్కి, ఉప్పునీళ్ళు మింగుతుంటే, తెప్ప మీద వస్తున్న జాలరిపేట పెద్దాయన ఒకడు అరిచాడు: "నేరా వరాదే, పక్కమా వా!" తిన్నగా రాకు, పక్కకి రా అని. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరిగాను. కాసేపటికి లాగుడు వదిలింది. తర్వాత కెరటాలే నన్ను మోసుకొచ్చి ఇసుకలో పడేశాయి.

ఆ కరెంట్ మనిషిని కిందికి లాగదురా, లోపలికి లాగుతుంది, అంతే. జోరు మీదుంటే సెకనుకి 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. పక్కకి ఈదే ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపాలి.

ఎలియట్స్‌లో తెల్లటి కట్టడం ఒకటి ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి జ్ఞాపకంగా కట్టారు. మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి 1930లో ప్రాణం పోగొట్టుకున్నాడు. గొప్పవాడే. కానీ అమ్ములు కొట్టుకుపోతోందని నువ్వు దూకావనుకో, ఇద్దరి కోసం వెతకాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్, బంతి, తేలేది ఏదైనా సరే దాని చేతికందేలా విసురు. గట్టిగా కేకలు పెట్టు. 112కి ఫోన్ చెయ్యి.

పండగ హడావుడి తగ్గాక చెన్నై దగ్గరి కోవళం తీసుకెళ్తాను. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఆ బీచ్‌కి 2021లో వచ్చింది, కాపలాకి లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడైనా అమ్ములు మోకాలి లోతు దాటదు. నేను పక్కనే నిలబడతాను, మొహం ముడుచుకున్నా సరే.

నెల్లూరు నుంచి మలై కాజా మర్చిపోవద్దని నానమ్మ మరీ మరీ చెప్పమంది.

మీ తాతయ్య