వెల్లకిలా పండబెడితే పాలు గొంతుకడ్డం పడతాయా?

కర్నూలులో బాలింత ఉన్న ఇంట్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "ఇప్పుడే పాలు తాగినాడు, ఒత్తిగిల్లబెట్టు మ్మే. వెల్లకిలా పండబెడితే కక్కినప్పుడు గొంతుకడ్డం పడ్తాది." వినడానికి సబబుగానే ఉంటుంది. గొంతులోపలి అమరిక చూస్తే మాత్రం సంగతి తారుమారవుతుంది.

మెడలో ముందువైపు శ్వాసనాళం ఉంటుంది. దాని వెనక, వెన్నుపూసలను ఆనుకుని అన్నవాహిక ఉంటుంది. బిడ్డ వెల్లకిలా పడుకుంటే శ్వాసనాళం పైకి, అన్నవాహిక కిందికి వస్తాయి. కక్కిన పాలు ఊపిరిగొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. నీరు పల్లమెరుగు కదా, పాలూ అంతే: వెనక్కి జారిపోతాయి, లేదంటే బిడ్డ మింగేస్తాడు, దగ్గి ఉమ్మేస్తాడు. బోర్లా వేస్తే శ్వాసనాళమే పల్లం. ఒత్తిగిల్లబెట్టడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది గానీ, ఆ భంగిమ నిలవదు. పసిబిడ్డ అటునుంచి సులువుగా బోర్లా పడిపోతాడు.

ఈ విషయంలో పెద్ద పొరపాటు చేసింది మన అవ్వలు కాదు, పాశ్చాత్య వైద్యులు. అక్కడ బోర్లా పడుకోబెట్టమని దశాబ్దాల పాటు సలహా ఇచ్చారు. ఏ కారణమూ దొరకకుండా పసిబిడ్డలు నిద్రలోనే చనిపోవడాన్ని సిడ్స్ అంటారు. నెదర్లాండ్స్‌లో 1970లలో బోర్లా పడుకోబెట్టే అలవాటు పెరిగాక ఈ మరణాలూ పెరిగాయి. హాంకాంగ్‌లో వెల్లకిలా పడుకోబెట్టడమే ఆనవాయితీ, అక్కడ ఇవి అరుదని 1985లో ఒక వైద్యుడు గమనించి రాశాడు. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టారు. అమెరికాలో కొన్నేళ్లకే సిడ్స్ మరణాలు సగానికి సగం తగ్గాయి. కొత్త మందు లేదు, యంత్రం లేదు, బిడ్డను తిప్పి పడుకోబెట్టారంతే.

ముప్పు ఎక్కువగా ఉండేది రెండు నుంచి నాలుగు నెలల మధ్య. ముఖం మెత్తటి పరుపులో కూరుకుంటే బిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మామూలుగా మెదడు కాండం (మెదడు అడుగున, ఊపిరిని నడిపే భాగం) దాన్ని పసిగట్టి బిడ్డను లేపుతుంది. కొందరిలో ఆ మేలుకొలుపు బలహీనంగా ఉంటుంది, ఎవరిలోనన్నది ముందే తెలుసుకునే పరీక్ష లేదు. అందుకే బూరుగు దూది పరుపు, ఆవాల దిండు, బొమ్మలు బిడ్డ పక్కన వద్దు. నేల మీద మడిచి పరిచిన గట్టి బొంత చాలు.

మన సీమలో దీనికి ఎండ తోడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు ఇల్లు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ గదిలో కిటికీలు మూసి, బిడ్డకు టోపీ, స్వెట్టరు, పైన దుప్పటి! ఒళ్లు వేడెక్కినా సిడ్స్ ముప్పు పెరుగుతుంది. "కాళ్లు చల్లగా ఉన్నాయి" అని ఇంకో గుడ్డ చుడతారు. పసివాళ్ల కాళ్లూ చేతులూ చల్లగా ఉండడం మామూలే. చూడాల్సింది మెడ వెనక, ఛాతీ మీద. అక్కడ చెమట పడితే ఒక గుడ్డ తీసేయాలి. ఫ్యాను వేయొచ్చు. బిడ్డ ఒంటి వేడి తల నుంచి బాగా బయటికి పోతుంది కాబట్టి ఇంట్లో టోపీ అక్కర్లేదు. బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టినవాళ్ల సంగతి వేరు, డాక్టరు చెప్పినట్టే చేయాలి.

ఇక చీర ఉయ్యాల. అందులో వీపు వంగుతుంది, బరువైన తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, సన్నటి ఊపిరిదారి నొక్కుకుంటుంది. పైగా చీర ముఖం చుట్టూ మూసుకుంటుంది. ఉయ్యాల మానేయమంటే మన ఇళ్లలో వినేవాళ్లు తక్కువ, నాకు తెలుసు. కనీసం పక్కన ఒకరు కూర్చుని ఊపాలి, బిడ్డ నిద్రపోగానే బొంత మీదికి మార్చాలి. ఆ బొంత తల్లి పక్కకు చేయందేంత దూరంలో, విడిగా ఉండాలి. ఎండాకాలం మిద్దె మీద పడుకున్నా ఇదే పద్ధతి. తాగిన మనిషి పక్కన బిడ్డను అసలే పడుకోబెట్టకూడదు. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ ముప్పును పెంచుతుంది, తల్లిపాలు తగ్గిస్తాయి.

బిడ్డ తనంతట తాను బోర్లా పడి, మళ్లీ వెల్లకిలా తిరగడం నేర్చాక రాత్రంతా కాపలా కాసి తిప్పాల్సిన పని లేదు. పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే. చేతులు కదలకుండా గుడ్డ చుట్టే అలవాటుంటే, బొబ్బట్లు పంచే రోజుదాకా ఆగకుండా, బోర్లా పడడానికి ప్రయత్నం మొదలవగానే మానేయాలి.