సోషల్ మీడియాకు కళ్లెం: ఈ పేచీ మూలాలు 2020 మేలో, విశాఖలో

పదహారేళ్ల లోపు పిల్లలను సోషల్ మీడియాకు దూరంగా ఉంచే చట్టం గురించి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ చర్చ లేచింది. ఆస్ట్రేలియాలో అలాంటి చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. మరుసటి నెల దావోస్ వెళ్లిన మంత్రి నారా లోకేశ్ దాన్ని తామూ అధ్యయనం చేస్తున్నామని చెప్పారు. రాత్రి పన్నెండయినా రీల్స్ వదలని పిల్లలతో వేగలేకపోతున్న తల్లిదండ్రులకు ఆ మాట నచ్చింది. విశాఖలో మాత్రం నచ్చడంతో పాటు ఒక అనుమానం కూడా ఉంది: పిల్లల కోసమని తెచ్చే కళ్లెం చివరికి ప్రశ్నించే జనం మీదే పడుతుందేమోనని. ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 2020 మే నెలకు వెళ్లాలి.

  

మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి బయటికొచ్చింది. జనం నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరన్ మోగించే వీలున్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తర్వాత తేల్చింది. నడుస్తూ నడుస్తూనే రోడ్డు మీద కూలిపోతున్న మనుషుల వీడియోలు తెల్లారేసరికి ఊరంతా తిరిగాయి. ప్రమాదం ఎంత పెద్దదో చాలామందికి అర్థమైంది వాటిని చూశాకే.

ఆ రాత్రే సోషల్ మీడియా రెండో ముఖం కనబడింది. ట్యాంకు ఇంకా చల్లబడలేదు, ఆవిరి ఇంకా వస్తోంది. దాన్ని అదుపు చేసే రసాయనం గుజరాత్ వైపు నుంచి విమానంలో రావాల్సి ఉంది. ఇంతలో "మళ్లీ లీకైంది, ట్యాంకు పేలబోతోంది" అన్న మెసేజ్‌లు ఫోన్లలో చేరాయి. గోపాలపట్నం చుట్టుపక్కల జనం పిల్లలను బైకులెక్కించుకుని అర్ధరాత్రి బీచ్ రోడ్డు దాకా పరుగెత్తారు. రెండోసారి లీకేమీ కాలేదని, ముందుజాగ్రత్తగానే కొందరిని ఖాళీ చేయించామని పోలీసులు ప్రకటించేసరికి సగం ఊరు రోడ్డు మీదుంది. పుకార్ల వల్ల నష్టం లేదని ఎవరూ అనలేరు. అయితే ఆ ప్రకటన రెండు గంటలు ముందొచ్చి ఉంటే పుకారుకు అంత చోటు దొరికేదా?

అదే నెలలో, ఇదే ప్రమాదం మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టిన గుంటూరు మహిళకు సీఐడీ నోటీసిచ్చింది. ఆమె వయసు అరవై దాటింది. ప్రభుత్వం మీద తప్పుడు ప్రచారం చేశారన్నది సీఐడీ వాదన.

మే 16న ఇంకోటి జరిగింది. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టర్‌గా పనిచేసిన సుధాకర్, మాస్కులు ఇవ్వడం లేదని ఏప్రిల్‌లో కెమెరా ముందు చెప్పి సస్పెండయ్యారు. విశాఖ హైవే మీద ఆయన్ని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి పోలీసులు ఆటోలో ఎక్కించారు. తాగి గొడవ చేశారని పోలీసులు చెప్పారు. ఆయన్ని మానసిక వైద్యశాలకు పంపారు. ఎవరో ఫోన్లో తీసిన వీడియో లేకపోతే అది ఆ మాటతోనే ముగిసిపోయేది. ఆ వీడియో హైకోర్టు దాకా వెళ్లింది. మే 22న కోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి డాక్టర్ సుధాకర్ గుండెపోటుతో చనిపోయారు.

వీడియో క్లిప్పులు జతచేసి హైకోర్టుకు లేఖ రాసింది అప్పటి ప్రతిపక్షం టీడీపీకి చెందిన నాయకురాలు వంగలపూడి అనిత. 2024 జూన్ నుంచి ఆమె హోంమంత్రి. ఆ నవంబర్‌లో వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తల మీద రాష్ట్రమంతా వరుస కేసులు పడ్డాయి. ఆడవాళ్ల మీద, ఇంట్లో పిల్లల మీద కూడా అసహ్యంగా రాశారన్నది ప్రభుత్వ వాదన. ఆ రాతల్లో కొన్ని చదివినవాళ్లు ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయరు. అయినా మరుసటి ఏడాది జులైలో హైకోర్టు సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది. సోషల్ మీడియా కేసుల్లో రిమాండ్ వేసే ముందు అరెస్టులపై సుప్రీంకోర్టు తీర్పులను పాటించాలని మేజిస్ట్రేట్లకు చెప్పింది. కుర్చీల్లో మనుషులు మారారు గానీ పద్ధతి మారలేదు.

నిషేధమంటే ఈ ఊరికి కొత్తేమీ కాదు. 2019 డిసెంబర్‌లో, ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో వేసిన వలలో పడి నౌకల కదలికలు బయటపెట్టారని ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. ఆ వెంటనే నౌకాదళం స్థావరాల్లో, నౌకల మీద స్మార్ట్‌ఫోన్లు, సోషల్ మీడియా నిషేధించింది. అది కుదిరింది, ఎందుకంటే నేవీకి గేటుంది, గేటు దగ్గర కాపలా ఉంది. ఇంట్లో బెడ్‌రూమ్‌కు అలాంటి గేటెక్కడ? పైగా 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది కూడా ఈ రాష్ట్ర ప్రభుత్వమే.

మోసపోయేది పిల్లలు మాత్రమే కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి సైబర్ మోసాల కేంద్రాల్లో ఇరుక్కున్న ఉత్తరాంధ్ర కుర్రాళ్ల సంగతి 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. వాళ్లతో అక్కడ చేయించిన పని సోషల్ మీడియాలో జనానికి గాలం వేయడం. అక్కడ తిరగబడినప్పుడు విశాఖ పోలీసులకు వీడియోలు పంపింది కూడా వాట్సాప్‌లోనే.

ఆస్ట్రేలియా చట్టంలో జరిమానా కంపెనీలకే. పిల్లలకూ తల్లిదండ్రులకూ శిక్షలేమీ లేవు. మన దగ్గర కంపెనీలను అదుపు చేసే ఐటీ చట్టం కేంద్రం చేతిలో ఉంది. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం కింద పిల్లల ఖాతాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసే నిబంధనలను కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించి, అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చింది. ఈలోగా రాష్ట్రం సొంతంగా చట్టం తెస్తే జరిమానా ఫేస్‌బుక్ నడిపే మెటాకు పడుతుందా, లేక నోటీసు గోపాలపట్నంలో ఒక తండ్రి ఇంటికి వెళ్తుందా అన్నదే అసలు ప్రశ్న.