తెగితే మళ్లీ మొలుస్తుందా? చేపలు, కప్పలు, బల్లుల గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో జీబ్రా చేపల మీద, అంటే ఒంటి మీద చారలుండే బుల్లి చేపల మీద పనిచేస్తాను. తోక రెక్క కొంచెం కత్తిరించి, అది తిరిగి ఎలా పెరుగుతుందో చూడటమే నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే చుట్టాలు, స్టూడెంట్లు, అక్వేరియం పెట్టుకున్నవాళ్లు అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు.

అపోహ: చేపకు ఏది తెగినా మళ్లీ వస్తుంది.

రాదు. జీబ్రా చేప తోక రెక్కలో సన్నటి ఎముక కాడలుంటాయి. అవి సగంలో తెగితే వస్తాయి, ఒంటికి అతుక్కున్న మొదలుతో సహా పోతే ఇక అంతే. మీ గోల్డ్ ఫిష్ రెక్కలు కుళ్లుతున్నప్పుడు నీళ్లు తొందరగా మార్చమనేది అందుకే, కుళ్లు మొదలు దాకా పాకకూడదు.

గుండె సంగతి ఇంకా విచిత్రం. జఠరికలో (గుండెలో రక్తాన్ని బయటకు నెట్టే గది) దాదాపు 20 శాతం కోసేసినా జీబ్రా చేప రెండు నెలల్లో ఆ కండను మళ్లీ పెంచుకుంటుందని 2002లో అమెరికా శాస్త్రవేత్తలు కెన్నెత్ పాస్, మార్క్ కీటింగ్ వాళ్లు చూపించారు. కానీ అంతే బుల్లిగా ఉండే జపాన్ మెడకా చేపకు అక్కడ మచ్చ కట్టి ఆగిపోతుంది. మెక్సికోలోనైతే ఒకే జాతి చేపల్లో నదిలో ఉండేవి గుండెను బాగుచేసుకుంటాయి, గుహలో ఉండేవి చేసుకోలేవు.

అపోహ: ఎక్కడి నుంచో స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) వచ్చి అంతా చేసేస్తాయి.

యూట్యూబ్ పుణ్యమా అని ఇది బాగా పాకింది. నేను రోజూ చూసేది చెప్తా. మత్తుమందు కలిపిన నీళ్లలో వదిలితే కాసేపటికి చేప పక్కకు ఒరుగుతుంది, అప్పుడు బ్లేడుతో రెక్క చివర కోసి మంచినీళ్లలో వేస్తాం. 28 డిగ్రీల నీళ్లలో ఒక రోజు తిరిగేలోపే చర్మం గాయాన్ని కప్పేస్తుంది. రెండు మూడు రోజులకు ప్రతి కాడ కొసన తెల్లటి చిన్న ఉబ్బు కనిపిస్తుంది. దాన్నే బ్లాస్టీమా అంటాం. అందులో కణాలు కోత పక్కనుంచి వచ్చినవే. అప్పటిదాకా ఎముక చేస్తున్న కణం ఆ పని ఆపి, కొంచెం లేత దశకు వెనక్కి వెళ్లి, విభజన మొదలుపెడుతుంది, తర్వాత మళ్లీ ఎముకే చేస్తుంది తప్ప రంగు కణంగానో నరంగానో మారిపోదు.

మైక్రోస్కోపులో పెడితే పాత రెక్కలో నీలం చారలు నిండుగా ఉంటాయి, కోసిన గీత దాటగానే గాజులాంటి కొత్త రెక్క, చారలు ఇంకా దాంట్లోకి దిగి ఉండవు. రెండు వారాలకు పని దాదాపు అయిపోతుంది. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, ఎక్కువ కోస్తే వేగంగా పెరుగుతుంది, కొంచెమే కోస్తే నింపాదిగా పెరుగుతుంది, రెండూ ఇంచుమించు ఒకేసారి పూర్తవుతాయి. ఎంత పోయిందో దానికెలా తెలుస్తుంది అన్నది మా ఫీల్డులో ఇంకా తెగని పంచాయితీ.

అపోహ: కప్ప కాలు తెగినా వస్తుంది.

తోకకప్పగా ఉన్నప్పుడు వస్తుంది, తోకా వస్తుంది, మొలుస్తున్న కాలూ వస్తుంది. కప్పగా మారేకొద్దీ ఆ శక్తి పోతుంది. ల్యాబుల్లో పెంచే ఆఫ్రికా కప్ప జెనోపస్‌కు పెద్దయ్యాక కాలు తెగితే మృదులాస్థితో (మన చెవి డొప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముక) ఒక ముల్లు మొలుస్తుంది, వేళ్లుండవు, కీళ్లుండవు. 2022లో అమెరికాలో ఐదు మందులున్న తొడుగును గాయానికి 24 గంటలు తొడిగి వదిలేస్తే, 18 నెలల్లో ఆ కప్పలకు కాలులాంటిది పెరిగింది. వార్తల్లో 'కాలు మొలిచింది' అని రాసేశారు, అది పూర్తి కాలు కాదు.

మన దేశంలో జరిగినదొకటి ఎవరికీ పెద్దగా తెలీదు. 1992లో ఒడిశా ఉత్కళ్ యూనివర్సిటీ నుంచి ప్రియంబద మొహంతి హెజ్మాది బృందం ఒక పేపర్ వేసింది. తోకకప్పల తోక కోసి విటమిన్ ఏ ఇస్తే తోక ఉండాల్సిన చోట కాళ్లు మొలిచాయి! తిరిగి పెరిగేది ఎప్పుడూ సరైనదే అనుకునేవాళ్లకు ఇదొక్కటి చాలు.

అపోహ: బల్లికి పాత తోకే వస్తుంది.

కొత్త తోకలో వెన్నుపూసలుండవు, మృదులాస్థి గొట్టం ఉంటుంది. చాలా బల్లులు తోకలో కొవ్వు దాచుకుంటాయి కాబట్టి తోక పోవడం వాటికి నష్టమే. శేషాచలం బండల మీద బంగారు బల్లి కనిపిస్తే ఫోటో తీసుకోండి, తోక జోలికి పోవద్దు.

అపోహ: కొరమీను తింటే ఆపరేషన్ గాయం చేపకు మానినట్టు మానుతుంది.

"ఆపరేషనైనోళ్లకి కొరమీను పులుసే పెట్టాల" అని మా చిత్తూరు వైపు పెద్దవాళ్లు గట్టిగా చెప్తారు. పెట్టండి, గాయం మానడానికి ప్రోటీన్ కావాలి, కొరమీనులో బాగానే ఉంది. కానీ తిన్న చేప కడుపులో అరిగిపోతుంది, దాని రెక్క పెరిగే గుణం మనకు అంటుకోదు.

అపోహ: మనిషికి ఆ శక్తే లేదు.

కొంత ఉంది. కాలేయం సగానికి పైగా దానం చేసినా కొన్ని నెలల్లో పరిమాణం దాదాపు పాత స్థాయికి వస్తుంది, అయితే కోసిన ముక్క మళ్లీ మొలవదు, మిగిలింది పెద్దదవుతుంది. చిన్నపిల్లల్లో వేలి కొస తెగితే, గోరు మొదలు మిగిలి ఉంటే, కొన్నిసార్లు చక్కగా పెరుగుతుంది. అలాగని తలుపు సందులో వేలు పడితే కాఫీ పొడి అద్ది ఇంట్లో కూర్చోవద్దు. శుభ్రమైన గుడ్డ చుట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెగిన ముక్క దొరికితే తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు మీద ఉంచండి, నేరుగా ఐసులో మాత్రం వేయొద్దు.