"నీకేంది బిడ్డా, గొంతు దేవుడిచ్చిండు!": పాట చుట్టూ అపోహలు, నేను చూసిన వాస్తవాలు

పెండ్లికి పోయినా, దినాలకు పోయినా ఈ మాట నాకు తప్పది. చిన్నమ్మలు, మేనత్తలు ప్రేమగానే అంటరు, నేనూ నవ్వి ఊకుంట. కానీ ఈ మధ్య పదో తరగతి పిల్లలు సుత మెసేజ్ పెట్టి అదే లెక్కన అడుగుతున్నరు: "అక్కా, నాది అంత మంచి గొంతు కాదు, పాటలు రాసి పాడుడు నాతోని అయితదా?" పదేండ్ల సంది హన్మకొండల ఉండి పాటలు రాసుకుంట, పాడుకుంట బతుకుతున్న. విన్నవాటిల్ల కొన్ని చెప్త.

అపోహ: గొంతు పుట్టుకతోనే రావాలె.

పరకాల దగ్గర మా ఊర్లె బతుకమ్మ ఆడేటప్పుడు మా అమ్మమ్మ ముందు పాడేది, మిగిలినోళ్లు వెనక అందుకునేటోళ్లు. ఆరేండ్ల పిల్లగా నా పని 'ఉయ్యాలో' అనుడే. అప్పుడు నేను నేర్సుకున్నది పాడుడు కాదు, వినుడు. అమ్మమ్మ ఏ అక్షరం మీద అడుగేస్తదో చెవిపెట్టి వినకపోతే నా ఉయ్యాలో ముందే పడేది, చప్పట్లు తప్పేటియి, పక్కనున్న పెద్దమ్మ నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ పెట్టేది. పాదంల మాట కురచైతే అమ్మమ్మ 'వచ్చింది'ని 'వచ్చినాది' అని సాగదీసేది. ఎక్కువైతే ఒక అక్షరం మింగేది. ఛందస్సు అనే మాట నేను ఇంటర్‌ల విన్న గానీ కొలత అప్పటికే కాళ్లల్ల ఉంది. ఇయ్యాల ట్యూన్‌కు మాటలు కూర్చేటప్పుడు నేను చేసే పని ముప్పావు వంతు అదే.

ఇంకోటి, పుట్టుకతోని వచ్చిన గొంతు అట్లనే ఉండది కూడా. మగపిల్లలకు 12 నుంచి 15 ఏండ్ల నడుమ దాదాపు ఒక స్థాయి (ఒక 'స' నుంచి దాని కింది 'స' దాకా) దిగుతది. ఆడపిల్లలది సుత కొంచెం దిగుతది. మా కోలాటం జట్టుల అందరికన్న బాగ పాడే పిల్లగాడు ఎనిమిదో తరగతిల గొంతు పగిలేసరికి సిగ్గుపడి మానేసిండు. "రెండేండ్లు ఆగు, శ్రుతి తగ్గించుకొని పాడు" అని చెప్పేటోళ్లు ఒక్కలున్నా ఇయ్యాల నాకు గట్టి పోటీ ఉండేది.

అపోహ: సంగీతం నేర్సుకుంటే జానపదం పాడైతది. దీనికి తిరగేసిన అపోహ: నేర్సుకోకపోతే పాటగాళ్లే కారు.

రెండూ తప్పే. వరంగల్ల విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, పోగలిగితే పోవాలె. సరళీ వరుసలతోని, అంటే మొదట నేర్పే సరిగమలతోని, నా శ్రుతి నిలబడ్డది గానీ నా యాస ఎక్కడికీ పోలె. రాసుడు సంగతికొస్తే, రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీ బడి మొఖం చూడలె. 2023ల ఆస్కార్ అందుకున్న చంద్రబోస్ మన వరంగల్ దిక్కు చల్లగరిగ ఊర్లె పుట్టి ఇంజినీరింగ్ చదివిండు. ఇద్దరి తొవ్వ ఒక్కటి కాదు.

అపోహ: చల్లటి నీళ్లు తాగితే గొంతు పోతది.

నీళ్లు పోయేది అన్ననాళంలకు, స్వరతంత్రులు ఉండేది శ్వాసనాళం మీద. నీళ్లు వాటిని తాకనే తాకయి. గొంతును నిజంగ తినేది డప్పుల నడుమ మైకు లేకుంట అరుసుడు, నిద్ర లేకుంట మూడు ప్రోగ్రాములు చేసుడు. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల కషాయం పక్కకు పెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలె.

అపోహ: ఇప్పుడు ఆటోట్యూన్ ఉంది, ఎవలైనా పాడొచ్చు.

ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ తప్పిన స్వరాన్ని సరైన చోటికి జరుపుతది, అంతే. మాట పలుకకపోతే పలికియ్యది, ఊపిరి అందకపోతే అందియ్యది. నా మొదటి రికార్డింగుల 'భద్రకాళి' అన్నప్పుడల్ల 'భ' మైకుల బాంబు లెక్క పేలింది. పదకొండు టేకులైనయి. రికార్డిస్ట్ అన్న విసుక్కోలె. ఒక పెన్సిల్‌ను రబ్బర్ బ్యాండ్‌తోని మైకు ముంగట నిలువుగ కట్టి, "మొఖం కొంచెం పక్కకు పెట్టి పాడు చెల్లే" అన్నడు. గాలి పెన్సిల్‌కు తాకి రెండు దిక్కులు చీలింది, మాట మాత్రం నేరుగ పోయింది. పన్నెండో టేకు ఓకే.

అపోహ: జానపదం ఎవలి సొత్తు కాదు, ఎవలైనా తీసుకోవచ్చు.

మమ్ములను ఎక్కువ ముంచింది ఇదే. తరతరాల సంది వస్తున్న, రాసినోళ్లు ఎవలో తెల్వని పాట ఊరుమ్మడిదే. దాన్ని ఒకలు రికార్డు చేస్తే ఆ రికార్డింగుకు మాత్రం విడిగ 60 ఏండ్ల హక్కు ఉంటది. జానపద బాణీల కొత్తగ రాసిన పాటైతే రాసినోళ్లదే, వాళ్లు బతికినన్నాళ్లు, ఆ తర్వాత ఇంకో 60 ఏండ్లు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

నాకు 19 ఏండ్లప్పుడు ఒక అప్పగింతల పాట రాసిన. ఒక యూట్యూబ్ ఛానలాయన మూడు వేలు చేతుల పెట్టి తీసుకున్నడు. కాయితం లేదు, సంతకం లేదు. పాట లక్షల వ్యూస్ పోయింది. పైసలు ఛానల్‌కు పోతయి, పాడినోళ్లకు కాదు, అది సరే. నా కడుపు మండింది కింద రాసిన ఒక్క మాటకు: 'సేకరణ'. రచన కాదట, సేకరణ! నేను రాత్రులు కూసుండి రాసింది ఎక్కడ్నో దొరికినట్టు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాతల, సంతకంతోని ఇస్తేనే చెల్లుతయి. ఎన్నేండ్లకని రాయకపోతే అయిదేండ్లకే లెక్క. ఎక్కడెక్కడికని రాయకపోతే మన దేశం వరకే. 2012ల చట్టం మార్చినంక రచయిత, సంగీతం చేసినోళ్ల రాయల్టీ వాటాను (పాట వాడుకున్నందుకు వచ్చే పైసల్ల వాళ్ల వంతు) కంపెనీకి రాసిచ్చినా అది చెల్లది. ఆ రాయల్టీ వసూలుకు ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ ఉంది, పాడేటోళ్లకు ఇసామ్రా అనే సొసైటీ వేరే (ముందుగాల దాన్నే ఇస్రా అనేటోళ్లు). ఇవన్నీ నాకు ఆ పాట పోయినంకనే తెలిసినయి.

ఇప్పుడు స్టూడియోల అడుగు పెట్టేముందే కాయితం రాయించుకుంట. పోయిన బతుకమ్మ పాటల పల్లవి అమ్మమ్మ దగ్గర విన్నది, చరణాలు నాయి. అందుకే 'పల్లవి సేకరణ: మా అమ్మమ్మ నుంచి, రచన: నేను' అని పేర్లతోని వేయించిన. వీడియో కింద ఆమె పేరు చూపిస్తే అమ్మమ్మ కండ్లద్దాలు సర్దుకొని చూసి, "నా పేరెందుకే? మా అత్త పాడంగ విన్న నేను" అన్నది.